పడమటి పక్క నడుము

ఆమెకు కుడి ఎడమలు లేవు. ఉన్నా వాటితో పనిలేదు. కాలువ నీళ్ళను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి బళ్ళారి జిల్లా సిరిగేరి దగ్గర వలస రైతుల క్యాంపులో స్థిరపడిన కుటుంబం వాళ్ళది. మా నాన్న వదిలి వెళ్ళిన వరి పొలాన్ని చాలా ఏళ్ళుగా వాళ్ళే కౌలుకు చేస్తున్నారు. ఆ ఇంట్లో అందరూ దిక్కులతోనే మాట్లాడతారు. బస్సులో పక్కన కూర్చుంటే "కొంచెం ఉత్తరానికి జరగండి" అంటుంది. భోజనానికి కూర్చుంటే "ఆ దక్షిణం గిన్నెలో పచ్చడుంది, వేసుకోండి" అంటుంది.

మొదట్లో నవ్వుకునేదాన్ని. తర్వాత ఆ పద్ధతే మంచిదనిపించింది. నేను మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఊరగాయ జాడీ మూత మీద తేదీ రాయనిదే అటక ఎక్కించను. బస్సు టికెట్ల మొత్తం మనసులో కూడుకోనిదే కిందికి దిగను. అలాంటిదానికి కుడి ఎడమలంటే ఎప్పుడూ చిరాకే. మా చర్చిలో ఆడవాళ్ళు కూర్చునే వైపు బెంచీల్లోంచి చూస్తే ఎడమ, పుల్పిట్ మీద నిలబడ్డ పాస్టరుగారికి కుడి. ఒకే చోటుకు రెండు పేర్లు. దిక్కులకు ఆ బాధ లేదు. ఎవరు ఎటు తిరిగి నిలబడినా తూర్పు తూర్పే. వదిన మాట పక్కా లెక్క అని పదిమంది దగ్గర మెచ్చుకున్నాను కూడా. వరసకు వదిన కాదు. నేను వదినా అంటాను, ఆమె టీచరు గారూ అంటుంది.

ఆమెకు నడుము నొప్పి. క్యాంపులో నాట్లు వేసే ఆడవాళ్ళ ముఠాకు ఆమే పెద్ద. బురదలో వంగి వెనక్కి నడిచే పని. ఆ పని చేసినంతసేపూ నొప్పి తెలియదట. విశ్రాంతిగా ఉన్నప్పుడే వస్తుందట. రాత్రుళ్ళు నిద్ర లేక కళ్ళ కింద నలుపు దిగింది. బళ్ళారి వెళ్దాం రమ్మని నేనే అన్నాను. నేను తెక్కలకోటలో బస్సెక్కాను, ఆమె సిరిగేరి క్రాస్‌లో ఎక్కింది.

డాక్టరు మా వైపు మనిషే, నడివయసు. ఆమెను నిలబెట్టి, వంచి, పడుకోబెట్టి చూశాడు. గోడకు వేలాడుతున్న ఎముకల పటం దగ్గరికి నన్ను పిలిచాడు. వెన్నెముక అడుగున ఒక త్రికోణపు ఎముక. దానికి రెండు పక్కలా తుంటి ఎముకలు అతుక్కునే చోట అటొక కీలు, ఇటొక కీలు.

"ఈ రెండిట్లో ఒకటి వాచినట్టుండాదమ్మా. ఏదనేది తేలితే నేరుగా ఆ కీల్లోకి ఒక సూది వేస్తాం. నిద్ర పడతాది."

వదిన మంచం మీంచే అంది. "ఒక్కటేనండీ. రెండు పక్కలా పొడుస్తానంటే ఇప్పుడే చెప్పండి, వచ్చిన బస్సుకే వెళ్ళిపోతాను."

"ఒక్కటే. ఏ పక్క నొప్పి?"

ఆయన కుడి పక్క నొక్కాడు. "నెప్పే." ఎడమ పక్క నొక్కాడు. "అక్కడా నెప్పే." లేచి నిలబడి చేత్తో చూపించమన్నాడు. ఆమె అరచేయి నడుము మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పింది.

"పగలు పని లేనప్పుడు నడుముకి పట్టీ కట్టేసినట్టు ఉంటదండీ, పక్కా పాడా లేదు. రాత్రి పడుకున్నాక మాత్రం పడమటి పక్క పట్టుకుంటది. రోజూ పడమటి పక్కే."

డాక్టరు నా ముఖం చూశాడు. "పడమటి పక్క అంటే ఏందమ్మా?"

"ఉండప్పా, నేను లెక్క చూసి చెప్తాను" అన్నాను.

"వదినా, తల ఎటు పెట్టి పడుకుంటావు?"

"దక్షిణానికేనండీ. ఉత్తరానికి పెడతారేంటి ఎవరైనా!"

కళ్ళు మూసుకుని ఆమె మంచాన్ని ఊహించుకున్నాను. తల దక్షిణం, కాళ్ళు ఉత్తరం. కుడి చెయ్యి తూర్పుకు వస్తుంది, ఎడమ చెయ్యి పడమటికి. సరిచూసుకోవడానికి డాక్టరు బల్ల మీద పెన్ను పెట్టి, మూత వైపును తల అనుకుని మళ్ళీ చూశాను. ఎడమే. "ఎడమ పక్కప్పా" అన్నాను. ఆయన ఎక్స్‌రే చీటీ మీద నొప్పి ఎడమ అని రాశాడు.

ఒప్పుకున్న ఆ ఒక్క సూదీ తప్పు పక్కకు పోకూడదు. ఆ రోజంతా మాకున్న భయం అదే. ఆ భయానికి జవాబు నా నోటితో నేనే చెప్పి వచ్చాననుకున్నాను.

ఎక్స్‌రే తీసేది చిన్న వయసు పిల్ల, కన్నడంలో తెలుగు కలిపి మాట్లాడుతుంది. నన్ను చూసి "అజ్జీ, యావ కడె నోవు?" అంది. ఏ పక్క నొప్పి అవ్వా అని. "ఎడగడె" అన్నాను, ఎడమ పక్క అని. వదినను బల్ల ఎక్కించడానికి సాయం పట్టమంది.

మొదటి బొమ్మకు ఇబ్బంది లేదు. వెల్లకిలా పడుకోబెట్టి, పైన వేలాడే యంత్రం మూతిని కొద్దిగా తల వైపుకు వంచి తీసింది. ఆ కీళ్ళు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి నిటారుగా తీస్తే ఎముక మీద ఎముక పడి కనపడవట. అర్థమైంది. రెండో బొమ్మ దగ్గర నాకు తిరకాసు మొదలైంది. ఆ పిల్ల వదిన ఎడమ పక్కను బల్ల మీంచి పైకి ఎత్తి, నడుము కిందా భుజం కిందా స్పాంజి దిమ్మలు దోపింది. వదిన కుడి వైపుకు ఒరిగి, పడిపోతానన్నట్టు బల్ల అంచు పట్టుకుంది.

"ఎంత ఎత్తినావు పాపా?" అన్నాను.

"ఇరవై ఐదు డిగ్రీ, ముప్పై లోపల అజ్జీ."

"కొలిచినావా?"

"దిమ్మనే ఆ కోణానికి కోసుండేది."

కోణం సరే. పక్క సంగతి నాకు నచ్చలేదు. "నొప్పి ఎడమ అంటే ఎడమ పక్క గదా బల్లకు ఆనాల్సింది? నువ్వు దాన్నే గాల్లో పెట్టినావే. నా నడుముకు తీసినప్పుడు కింద ఉండే పక్కదే పడతాదని చెప్పినారు."

"అది వెన్నుపూస కీలు అజ్జీ. దానికి కింది పక్క. ఇది బేరె, వేరే కీలు. దీనికి పైకెత్తిన పక్కే."

"ఒకే నడుములో రెండు రకాలా?"

"హౌదు, అవును. బోర్లా పడుకోబెట్టి తీస్తే మళ్ళీ ఇది కూడా కింది పక్కే." అంతా తేలికైపోయినట్టు నవ్వింది.

బల్ల మీంచి వదిన గొంతు వచ్చింది. "మీ ఇద్దరూ తేల్చుకునేలోగా నేను నేల మీద ఉంటానండీ. అట్టుని తిప్పినట్టు తిప్పుతున్నారు, కాలకముందే దించండి."

ఆ పిల్ల ఇందాకటిలాగే నన్ను తలుపు బయటికి పంపింది. "ఉసురు బిగి హిడి, ఊపిరి పట్టుకో అమ్మా" అనే మాట లోపలి నుంచి వినపడింది. తర్వాత రెండో పక్క ఎత్తి అదీ తీసింది. ఎవరికైనా రెండు పక్కలూ తీస్తారట, పోల్చి చూడటానికి. నేను బయట బెంచీ మీద కూర్చుని నా రెండు అరచేతులను తుంటి ఎముకలుగా పెట్టుకుని వంచి చూశాను. ఒకసారి ఆ పిల్ల చెప్పింది నిజమనిపించింది. ఇంకోసారి వంచితే కాదనిపించింది. పక్కన కూర్చున్న ఒకామె, ప్రార్థన చేసుకుంటున్నాననుకుందేమో, కొంచెం దూరం జరిగింది.

డాక్టరు తెర మీద మూడు బొమ్మలూ వరసగా తెరిచాడు. ఒక కీలు సందు సన్నగా, నున్నగా, పెన్సిలుతో గీసినట్టుంది. రెండోది ఎలుక కొరికిన గుడ్డ అంచులా ఉంది, చుట్టూ ఎముక తెల్లబారింది.

"అదిగో, ఆ చెడిపోయింది ఎడమదే గదా" అన్నాను. బొమ్మలో అది నా ఎడమ చేతి వైపే ఉంది.

"లేదమ్మా, అది ఆమె కుడి. ఆమె మనకు ఎదురుగా నిలబడినట్టు చూడాల. నా చొక్కా కుడి జేబు నీకు యాడ కనపడతాది?"

పాస్టరుగారి కుడి గుర్తొచ్చింది. కానీ విషయం అంతటితో ఆగలేదు. డాక్టరు చీటీ చూశాడు, తెర చూశాడు, మళ్ళీ చీటీ చూశాడు. చీటీలో నొప్పి ఎడమ. తెర మీద చెడింది కుడి.

"ఆ పిల్ల పక్కలు మార్చి తీసిందేమోనప్పా" అన్నాను. "నాకు ఆడనే అనుమానం వచ్చింది. నొప్పి పక్కను పైకెత్తింది."

ఆయన ఆ పిల్లను పిలిపించాడు. ఆమె తెర మీద ఒక మూల చిన్న అక్షరాన్ని చూపించింది. ప్రతి బొమ్మకూ మనిషి పక్కన బల్ల మీద సీసపు అక్షరం పెడతారట, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. అది బొమ్మతోపాటే పడుతుంది. "అమ్మ ఎడమ చేయి పట్టుకునే పెట్టినా సార్" అంది. అనుమానించానని నా మీద కోపం కూడా లేదు ఆ పిల్లకు. వెళ్తూ వెళ్తూ "అజ్జీ, నాకు కూడా మొదటి ఏడాది ఇట్లే గజిబిజి" అంది.

ఆ పిల్ల తప్పు లేదంటే మరి తప్పు ఎక్కడున్నట్టు? నా పెన్ను లెక్క మళ్ళీ వేసుకున్నాను. తల దక్షిణం, కాళ్ళు ఉత్తరం, పడమర ఎడమ. ఎన్నిసార్లు వేసినా అదే వస్తోంది. జవాబు సరిగ్గా వస్తున్న లెక్క తప్పుగా ఉండటం నా జీవితంలో చూడలేదు.

"ఇట్ల అవుతాదమ్మా" అన్నాడు డాక్టరు. "కొందరికి బొమ్మ చెడ్డగా ఉంటాది, నొప్పి ఉండదు. ఇంకొందరికి బొమ్మ బాగుంటాది, నొప్పి ఉంటాది. మనం బొమ్మకు వైద్యం చేయం. నొప్పి ఉన్న పక్కకే వేద్దాం. ఎడమ అనేది ఖాయమేనా?"

"ఖాయమే" అంది నా నోరు. లోపల మాత్రం ఏదీ ఖాయంగా లేదు.

"టీచరు గారు చెప్పారంటే ఇంక అంతేనండీ" అంది వదిన. ఆ ఒక్క మాటా ఆమె అనకపోయి ఉంటే బాగుండేది. ఆ నమ్మకం నా మీద ధాన్యం బస్తాలా పడింది.

సూది వేసే గదిలో కూడా ఎక్స్‌రే ఉంది. కీలు సందు తెర మీద చూస్తూ దించాలట. వదిన నా చెయ్యి వదలనంటే, ఆ పిల్ల నాకు సీసపు ఏప్రాన్ తొడిగి తల వైపు నిలబెట్టింది. వదినను బల్ల మీదికి ఎక్కించి, సూది వీపు వైపు నుంచి వేయాలి కాబట్టి బోర్లా పడుకోమన్నారు. ఆమె బోర్లా తిరిగి, బుగ్గ చేతి మీద ఆనించి, హాయిగా ఒక నిట్టూర్పు విడిచింది.

"అబ్బ, ఇప్పుడు ఇంటి దగ్గర పడుకున్నట్టుందండీ."

డాక్టరు ఎడమ తుంటి మీద దూదితో మందు రాస్తున్నాడు. ఆ చల్లదనానికి ఆమె ఒళ్ళు జలదరించింది. ఆమె అన్న మాట నా చెవిలో పడింది కానీ బుర్రకు చేరడానికి కాస్త సమయం పట్టింది.

"ఏందీ? ఇంటికాడ ఇట్లనే పడుకుంటావా వదినా? బోర్లా?"

"ఎప్పుడూ ఇంతేగా. వెల్లకిలా పడుకుంటే నాకు ఊపిరాడదు. చిన్నప్పట్నుంచీ బోర్లానే."

"ఆగప్పా!" అన్నాను. గట్టిగానే అరిచినట్టున్నాను, డాక్టరు చెయ్యి గాల్లోనే ఆగింది. "నా లెక్కలో ఆమె వెల్లకిలా ఉండాది. బోర్లా పడుకుంటే పడమర కుడి అవుతాది."

అందరమూ ఒక్కసారి మాట్లాడాం. డాక్టరు "అంటే బొమ్మ సరిపోయింది" అన్నాడు. ఆ పిల్ల "బోర్లా అయితే అన్నీ తిరగబడతాయని నేను చెప్పినా గదా" అంది. వదిన తల ఎత్తి "ఇప్పుడు ఏ పక్క పొడుస్తారండీ? ముందు తూర్పు ఎటో చెప్పండి నాకు" అంది.

తూర్పు ఎటో గదిలో ఎవరికీ తెలియదు. కిటికీ లేదు. డాక్టరు ఒక గోడ చూపించాడు, నేను ఇంకో గోడ చూపించాను. ఆ పిల్ల జేబులోంచి ఫోన్ తీసి దిక్సూచి తెరిచింది. యంత్రాల మధ్య ఆ ముల్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగింది.

"తూర్పు తెలియకపోతే నా నడుం ఎక్కడుందో నాకు తెలియదండీ" అంది వదిన. ఆమె వేళాకోళానికి అనలేదు.

నాకూ అలాగే ఉంది. వెల్లకిలా అని నేను అనుకున్నాను, ఆమెను అడగలేదు. మరి ఇంకేం అడగలేదో! ఆ మంచం నిజంగా ఉత్తర దక్షిణాలుగానే ఉందా? క్యాంపులో ఇళ్ళు కాలువ వాలుకు కట్టుకున్నవి. కాలువ మూలగా పోతుంది. ఆమె దక్షిణం అనేది అసలు దక్షిణమేనా, కాలువ దక్షిణమా? ఇప్పుడు నా రెండో జవాబు మీద కూడా నాకు నమ్మకం పోయింది. అది బొమ్మతో సరిపోయిందని చెప్పి ఒప్పుకోవడం, పుస్తకం వెనక జవాబు చూసి లెక్క చేయడంలాంటిదే.

డాక్టరు చేతి తొడుగులు విప్పేశాడు. "దిక్కులు వదిలెయ్ తల్లీ. నువ్వు రాత్రి పడుకున్నట్టే పడుకో. నొప్పి దానంతట అది వచ్చేదాకా మేం కాసుకుంటాం. వచ్చినాక చెయ్యి పెట్టి చూపించు. తొందర లేదు."

వచ్చేదాకా కాసుకున్నాం. నొప్పి రావాలని కోరుకోవడం నాకు కొత్త. ఆ పిల్ల గోడకు ఆనుకుంది. డాక్టరు బయటికి వెళ్ళి ఇంకో మనిషిని చూసి వచ్చాడు. వదిన నాట్ల సంగతులు చెప్పింది, ముఠాలో ఒకామె తన కంటే వేగంగా వేస్తానని బడాయిపోతోందని చెప్పింది. తర్వాత మాటలు తగ్గాయి. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"వస్తందండీ" అంది మెల్లగా.

కుడి చెయ్యి బుగ్గ కింద నుంచి తీసి, వెనక్కి తిప్పి, నడుము కింద కుడి పక్కన పెట్టింది. "ఇక్కడ. ఇదే."

డాక్టరు పెన్ను అందుకున్నాడు. నేను మళ్ళీ ఆపాను. అందరూ నన్ను చూసిన చూపు మరిచిపోలేను.

"ఆమె అన్నం తినేదీ, నారు నాటేదీ ఆ చేత్తోనే. అలవాటుగా కుడి చెయ్యి కుడి పక్కకే పోతాది గదప్పా. వదినా, ఆ చెయ్యి తీసెయ్. ఎడమ చేత్తో చూపించు."

"అయ్యో రామా, ఇది పరీక్షాండీ?" అంటూనే ఆమె ఎడమ చెయ్యి వెనక్కి తిప్పింది. ఆ చెయ్యి ఎడమ తుంటిని తాకింది. అక్కడ ఆగలేదు. తడుముకుంటూ వెన్ను దాటి, అందీ అందక, వేళ్ళు చాపి కుడి పక్కకు చేరింది. ఇందాక చూపించిన చోటే మధ్యవేలు ఆనింది.

"అందట్లేదు గానీ, అదేనండీ."

డాక్టరు ఆ వేలి కింద పెన్నుతో గుర్తు పెట్టాడు. ఎడమ పక్క రాసిన మందు తుడవకుండానే కుడి పక్క మళ్ళీ రాశాడు. యంత్రం మూతిని తిప్పి ఆ పిల్ల కీలు సందును తెర మీదికి తెచ్చింది. నేను తెర చూడలేదు. చూస్తే అది కుడో ఎడమో అని మళ్ళీ మొదలవుతుందని భయం.

వదిన నా వేళ్ళు పట్టుకుంది. "సరైన పక్కేనాండీ టీచరు గారూ?"

జీవితమంతా అవును, కాదు అని చెప్పినదాన్ని. "నాకు తెల్దు వదినా" అన్నాను. "నీ చెయ్యి యాడ పెట్టినావో ఆడనే వేస్తాండారు."

"అయితే వేయమనండి" అంది.

సూది దిగేటప్పుడు ఆమె అరవలేదు కానీ నా వేళ్ళు నలిపేసింది. "అదే నెప్పి, రాత్రి వచ్చేది అదే" అంది పళ్ళ బిగువున. డాక్టరు తల ఊపాడు. అలా అనిపించడం మంచిదేనట. నొప్పి ఉన్న చోటికే సూది వెళ్ళినప్పుడు కొందరికి అలా తెలుస్తుందట. కొందరికి అని ఎందుకన్నాడో, అందరికీ అని ఎందుకు అనలేదో అడగాలనిపించింది. అడగలేదు.

తిరుగు బస్సులో ఆమె కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. నేను సీటు మీద నా రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, ఏది కుడి ఏది ఎడమ అని చూసుకుంటూ కూర్చున్నాను. సిరిగేరి క్రాస్‌లో దిగుతూ మెట్టు మీద కొంచెం తూలింది, మందు మత్తో, నొప్పో.

రెండు రోజులు ఫోన్ చేయడానికి ధైర్యం చాలలేదు. మూడో రోజు పొద్దున్నే చేశాను.

"ఎట్లుండాది వదినా?"

"నిద్ర పట్టేసిందండీ! తెల్లారి పాలవాడొచ్చి గేటు కొడితే గానీ మెలకువ రాలేదు. మా ఆయన కంగారుపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడంట."

ఊపిరి వదిలాను. అయినా నా బుద్ధి ఊరుకోదు కదా. "బోర్లానే పడుకున్నావా? ఆ పక్క ఏమన్నా తెలుస్తాందా? పడమటి పక్క?"

"ఏ పక్కో నాకేం తెలుసండీ" అంది వదిన. "నిద్రపోయానంటుంటే."